ఇప్పు: మా అవ్వ మాట

ఈ మాట గురించి రాద్దామా వద్దా అని మా ఇంట్లో రెండు ఆదివారాలు తగువు నడిచింది. చిన్నాయన రాయాల్సిందే అన్నాడు. మా పెద్దత్త, "ఇంకే మాటా దొరకలేదా మీకు? నలుగురూ చదివేదానికి గుడ్డలిప్పే మాటే కావల్సొచ్చిందా?" అని లేచి వంటింట్లోకి పోయింది. పోయిన మనిషి కాఫీలతో తిరిగొచ్చి, "రాస్తే రాయండి. అవ్వ సంగతి మాత్రం సరిగా రాయండి" అంది. అందుకని రాస్తున్నాము.

మాది హోసూరు పక్క పల్లె. ఆ సీమ మొదట సేలం జిల్లాలో ఉండేది, 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఇన్ని జిల్లాలు మారినా మా ఇల్లు ఉన్నచోటే ఉంది, ఇంట్లో మాట తెలుగే. వీధిలోకి పోతే తమిళం, సంతకు పోతే కన్నడం కూడా కావాలి. ఇట్లా మూడు భాషల నడుమ పెరిగినవాళ్ళను ఫలానా మాట ఏ భాషది అని అడిగితే తడుముకుంటారు. మేమూ అంతే. కానీ ఇప్పుడు చెప్పబోయే మాట మాత్రం ఎవరి దగ్గరా బదులు తెచ్చుకున్నది కాదు.

దీపావళి నాడు తెల్లారక ముందే మా అవ్వ పెరట్లో రాగి అండా కింద మంట పెట్టేది. నీళ్ళు కాగేదాకా మమ్మల్ని పడుకోనిచ్చి, కాగినాక ఒక కేక వేసేది. "గుడ్డలిప్పండ్రా, నీళ్ళు కాగినాయి!" ఆ కేకకు ఏడెనిమిది మంది పిల్లలం చలికి వణుకుతూ వచ్చి వరసగా నిలబడేవాళ్ళం. తలకు నూనె, ఒంటికి నూనె, ఆ తర్వాత కళ్ళు మండే సీకాయి. చిన్నవాళ్ళు బరిబిత్తలగా పెరడంతా పరుగెత్తేవాళ్ళు. అవ్వ కేకలో తప్పు మాట ఏదో ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు. "అన్నానికి రాండి" అన్నట్టే అదీ ఒక పిలుపు.

అదే మాట అవ్వ నోట పొద్దంతా వినబడేది. ఎద్దుల్ని ఇప్పు. బియ్యం మూట ఇప్పు. జడ ఇప్పు, చిక్కు తీస్తాను. కొంగు ముడి ఇప్పి పోకచెక్క తీసిచ్చేది. పొద్దు ఎంతయిందంటే గడియారం చూసేది కాదు, "మడక ఇప్పే పొద్దయింది" అనేది. అంటే ఎండ ముదిరి, దున్నేవాళ్ళు కాడి దించే వేళ. మా ఊళ్ళో ఆ మాటకు ఇన్ని పనులు. గుడ్డలు వాటిలో ఒకటి, అంతే.

తర్వాత ఒక పెళ్ళి వచ్చింది. విజయవాడ పక్కన మాకు దూరపు వియ్యంకులున్నారు. వాళ్ళింటి పెళ్ళికి అందరం రైలెక్కి పోతిమి. అప్పటికి మా పెద్దక్కకు పదేళ్ళు. రాత్రంతా ప్రయాణం, పట్టుపరికిణీ మసి అయింది. దిగీ దిగగానే నడింట్లో నిలబడి, ఇంట్లో ఎట్లా అంటుందో అట్లాగే, "అత్తా, గుడ్డలిప్పి వస్తాను, యాడికి పోవల్ల?" అని గట్టిగా అడిగింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే నవ్వులు. పెళ్ళికొచ్చిన మగవాళ్ళూ నవ్వారు. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అది మేము ఒప్పుకోవాలి. ఒక పెద్దావిడ మా అక్కను దగ్గరికి తీసుకుని, "అలా అనకూడదమ్మా. బట్టలు మార్చుకుని వస్తానని చెప్పాలి. గుడ్డలంటే మసిగుడ్డలు" అని మెత్తగానే చెప్పింది. అక్క ముఖం కందిపోయింది. పెళ్ళి మూడు రోజులూ అక్క మళ్ళీ నోరు విప్పలేదు. నీళ్ళు కావాలన్నా అమ్మ చెవిలో చెప్పేది.

అవ్వ అదంతా చూస్తా మూలన కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. కానీ ఊరికి తిరిగొచ్చినాక మేము ఒకటి గమనించాము. ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే, ముఖ్యంగా ఆ పక్కనుంచి వస్తే, అవ్వ మమ్మల్ని "గుడ్డ మాత్తుకోండి" అనేది. మాత్తు తమిళం, మార్చడమని. తన మాట తెలుగు చుట్టాల ముందు అనడానికి సిగ్గయి అవ్వ తమిళాన్ని అడ్డం పెట్టుకుంది! మా తరం వచ్చేసరికి అదీ పోయి "డ్రెస్ చేంజ్ చేసుకో" అయింది. మా పిల్లలకు అవ్వ కేక చెబితే నవ్వుతారు. వాళ్ళ తప్పేమీ లేదు. 2006 చట్టం వచ్చినాక ఇక్కడ బళ్ళలో ఒకటో తరగతి నుంచే తమిళం తప్పనిసరి, తెలుగు అక్షరం చాలామందికి ఇంట్లో నేర్పితేనే వస్తుంది. మాట మాత్రం అక్షరంతో పని లేకుండా అవ్వల నోటినుంచి రావాల్సింది. దాన్ని మేమే నొక్కేస్తిమి.

చిన్నాయన పట్టుబట్టి ఈ మాట వెనక పడింది అందుకే. ఆయన వాదన సూటిగా ఉంటుంది. "మీరు సిగ్గుపడే మాటకు అసలు అర్థం తెలుసా? తెలుసుకోండి, ఆ తర్వాత సిగ్గుపడండి."

మాట పూర్తి రూపం విప్పు. ఇకారానికి ముందున్న వకారం మా పక్క నోట నిలవదు. విను మాకు ఇను, విత్తనాలు ఇత్తనాలు, విస్తరాకు ఇస్తరాకు. రాయలసీమలో, తెలంగాణలో కూడా ఇట్లా అనేవాళ్ళు కోకొల్లలు. కాబట్టి అవ్వ "ఇప్పు" అన్నది మాట చెడగొట్టడం కాదు. ఇంతలో మా చిన్నవాడు ఇప్పచెట్టు కూడా దీన్నించే వచ్చిందా అని అడిగాడు. అది వేరు. ఆ చెట్టును తమిళంలో ఇలుప్పై అంటారు, దాని వంశం దానిదే.

విప్పు అనే మాటకు అసలు అర్థం ముడి వదులు చేయడం, మడత తెరవడం. గుడ్డల ఊసు అందులో మొదట లేదు. అది గుడ్డలకు ఎట్లా అంటిందో తెలియాలంటే మన పాతకాలపు గుడ్డలు ఎట్లుండేవో తలుచుకోవాలి. మా తాతకు ఒంటి మీద కుట్టుపడింది ఏముండేది? పంచె, పైన ఒక కండువా, తలకు రుమాలు, మొలకు తాడు. అన్నీ మగ్గం మీదినుంచి దిగినవి దిగినట్టే. పంచె కట్టుకుంటాము, రుమాలు చుట్టుకుంటాము, కచ్చ బిగిస్తాము. అవ్వ చీరా అంతే, కుచ్చెళ్ళూ కట్టూ అన్నీ చేతి పని. రవిక కూడా అవ్వ చిన్నప్పుడు ముందర ముడి వేసుకునేదట. ఒంటి మీద ఉన్నదంతా ముడులూ మడతలూ అయితే దాన్ని తీయడానికి విప్పడం తప్ప వేరే మాట ఎందుకుంటుంది? కట్టుకున్నదాన్ని విప్పుతారు. అదే లెక్క.

చొక్కా, జుబ్బా, పైజామా వచ్చినాక లెక్క మారింది. చొక్కా కట్టుకోము, తొడుక్కుంటాము, వేసుకుంటాము. తొడుక్కున్నది తీస్తాము. ఉంగరం పెట్టుకుంటాము, బిగుసుకుంటే ఊడదీస్తాము. తెలుగులో ఒంటి మీదికి పోయేదానికి ఎన్ని మాటలో, ఒంటి మీదినుంచి దిగేదానికీ అన్ని మాటలు, జోడీలుగా. గుండీలు వచ్చినా విప్పు మాత్రం పూర్తిగా పోలేదు. గుండీలు విప్పు అంటాము కదా. గుండీకి ఇంకో పేరు బొత్తాం పోర్చుగీసు వాళ్ళతో వచ్చింది, తమిళంలో పొత్తాన్ అదే. సామాను సముద్రం దాటి వచ్చింది, దాన్ని వదిలించే మాట మాత్రం మన ఇంటిదే దొరికింది.

ఇంకో మాట కూడా మనకు కళ్ళెదుటే ఉంది. కట్టుబట్టలు. మా పెద్దలు కట్టుబట్టలతో ఈ సీమకు వచ్చారని ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. బయట స్థిరపడిన తెలుగువాళ్ళలో ఈ కత లేని ఇల్లు మాకు ఇంతవరకు తగల్లేదు. అందరూ కట్టుబట్టలతోనే వచ్చారంటే కొంచెం అనుమానమే, ఎవరో ఒకరు రెండు బండ్ల సామానుతో వచ్చి ఉండకపోరు. ఏమైనా వచ్చినవాళ్ళు మొదట చేసిన పని మూట విప్పడమే అయ్యుంటుంది.

ఇక వేరు సంగతి. విప్పు పక్కనే విచ్చు ఉంది. మొగ్గ తనంతట తాను విచ్చుతుంది, మూటను మనం విప్పుతాము. ఒకటి దానంతట అది జరిగేది, ఇంకోటి మనం చేసేది. ఆ పక్కనే విరియు. విరి అంటే పువ్వు. సంబరంతో పెద్దవైన కళ్ళను విప్పారిన కళ్ళు అంటాము. నెమలి పురి విప్పుతుంది, పాము పడగ విప్పుతుంది. ఇవన్నీ ఒక్క కుదురు మాటలు. చిన్నాయన ఈ వరస చెప్పినప్పుడు మా పెద్దత్త చేతిలో బెండకాయలు ఆగిపోయాయి. "అయితే పూలకీ మనకీ ఒకటే మాటా?" అంది. ఒకటే.

విడుచు నుంచి విప్పు వచ్చిందని మొదట చిన్నాయనే అనేవాడు. మేము ఒప్పుకోలేదు. విప్పుకు అంత దగ్గరగా విచ్చు, విరియు ఉండగా అంత దూరం పోవడం దేనికి? ఆ తగువు మూడు వారాలు నడిచి, ఆయనే తగ్గాడు. ఆయన తగ్గడం మా ఇంట్లో చెప్పుకోదగ్గ సంగతే.

మా ఇంటి కుడిపక్క కన్నడం వాళ్ళు, ఎదురుగా తమిళం వాళ్ళు. ముగ్గురి పెరళ్ళలోనూ దీపావళి నాడు ఒకే వేళకు నీళ్ళు కాగేవి, ఒకే పనికి మూడు కేకలు లేచేవి. కుడిపక్క అజ్జి "బట్టె బిచ్చి" అనేది. ఇది మన విచ్చుకు సొంత అక్కచెల్లెలు. మన వకారం చాలాచోట్ల కన్నడంలో బకారం. మన వేరు వాళ్ళకు బేరు, విల్లు బిల్లు, వెన్న బెణ్ణె, వెల్లుల్లి బెళ్ళుళ్ళి. అట్లాగే విచ్చు వాళ్ళకు బిచ్చు. మనకు విచ్చు పువ్వుకే మిగిలింది, వాళ్ళు దాన్ని ముడికీ గుడ్డకూ కూడా వాడతారు.

ఎదురింటి పాటి "అవుత్తు" అనేది. పుస్తకాల్లో రాసేది అవిళ్, ఆ చివరి అక్షరాన్ని నాలుక మడిచి పలకాలి. అది మన మాటకు చుట్టం కాదు, దాని వేరు వేరే. కానీ చిత్రం చూడండి. తమిళంలో కూడా ముడి వదులైతే అవిళ్, మొగ్గ విచ్చితే అవిళ్. రెండు భాషలవాళ్ళు వేరువేరు దారుల్లో పోయి ఒకే పోలిక దగ్గర కలిశారు. ఇంకో చిత్రం కూడా ఉంది. ఇప్పుడు తమిళం వాళ్ళ ఇళ్ళలో కూడా అవుత్తు మోటు మాట అయింది. చదువుకున్న పిల్లలు కళట్టు అంటారు. గడియారం, కళ్ళజోడు, చొక్కా, అన్నింటికీ అదే. అంటే అవ్వ విజయవాడలో పడ్డ సిగ్గు ఎదురింటి పాటి తన మనవరాళ్ళ ముందు తన ఇంట్లోనే పడింది. ఇది తెలిసినాక మాకు ఆ పెళ్ళివాళ్ళ మీద ఉన్న కొద్దిపాటి కోపం కూడా పోయింది.

మనసు సంగతికి వస్తే ముగ్గురిదీ ఒకటే దారి. లోపలున్నది దాచకుండా చెప్పడాన్ని మనం మనసు విప్పి మాట్లాడటం అంటాము. కన్నడంలో మన బిచ్చి మాతాడువుదు. తమిళంలో మనం విట్టు పేసుదల్, అక్కడ వచ్చింది మన విడుచుకు చుట్టమైన విడు. ఏ భాషలోనైనా మనసు ఒక మూటే, దానికి ఒక ముడి ఉంటుంది.

విడుచు అనేదానికీ విప్పు అనేదానికీ తేడా అవ్వకు బాగా తెలుసు. మాకు అప్పుడు తెలియలేదు. ఇప్పిన గుడ్డ దండెం మీద వేసేది, మళ్ళీ కట్టుకోవచ్చు. ఇడిసిన గుడ్డ గంపలో వేసేది, ఉతుక్కు పోతుంది. ఒకే చీర మీద రెండు మాటలూ వాడేది, గంపనూ దండేన్నీ బట్టి. గుడికి పోతే చెప్పులు విడుస్తాము, ఎందుకంటే వాటిని వదిలి లోపలికి పోతాము. పాము కుబుసం విడుస్తుంది, మళ్ళీ దానివైపు చూడదు. కుబుసానికి పాత అర్థం రవికే. కన్నడం వాళ్ళకు కుప్పస అంటే ఇప్పటికీ రవికే. మన తెలుగులో రవిక ఆడవాళ్ళ దగ్గరనుంచి పాముకు పోయింది.

తాత పోయిన రోజు ఒంటి మీది పంచె తీసి కొత్త గుడ్డ కప్పారు. ఆ పాత పంచెను ఏం చేయాలో తెలియక ఒకామె, "తాతకు ఇప్పిన పంచె యాడ పెట్టేది?" అని అడిగింది. అంతసేపూ ఏడవకుండా గోడకానుకుని కూర్చున్న అవ్వ తలెత్తి, "ఇప్పలేదు, ఇడిసినాడు" అంది. ఆ మాట ఆ రోజు ఎవరమూ పట్టించుకోలేదు.

మరొక మాట ఒలుచు. దీన్ని మేము భారతం తిరనాళ్ళలో తెలుసుకున్నాము. మా సీమలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం పెడితే పగలు కత చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు. కౌరవ సభ రాత్రి మాత్రం చంటిపిల్లల్ని కూడా ఎత్తుకుని జనం వస్తారు. ఆ ఆటకు తమిళంలో తుగిల్ ఉరిదల్ అని పేరు. తుగిల్ అంటే గుడ్డ. ఉరి అంటే తొక్క ఒలవడం, తోలు ఒలవడం. మన తెలుగులో కూడా ద్రౌపది వలువలు ఒలిచారనే అంటాము, సంస్కృతంలో చెబితే అపహరణం. ఏ భాషలో చెప్పేవాడైనా దుశ్శాసనుడు చీర విప్పాడని అనడు. అరటిపండునో మేకనో ఒలిచినట్టు ఒలిచాడు. కాడి దించినట్టు, జడ సడలించినట్టు మెత్తగా చేసే పని పేరు వాడి చేతికి ఇవ్వలేదు.

ఆ కతలో విప్పేది ద్రౌపది. కౌరవుల నెత్తురు చూసేదాకా ముడి వేయనని విప్పిన జుట్టుతో పద్దెనిమిదో రోజుదాకా ఉంటుంది. తిరనాళ్ళ ఆఖరు రోజు మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. భీముడి వేషం వాడు వాడి తొడ మీద కొట్టినాక ద్రౌపదమ్మ జుట్టు ముడుస్తుంది. మా అవ్వ ప్రతి ఏడూ ఆ ముడి పడేదాకా ఎండలో నిలబడే ఉండేది. పడగానే తన కొప్పు కూడా ఒకసారి ఇప్పి, దులిపి, మళ్ళీ ముడి వేసుకునేది. మా అమ్మ కూడా ఇప్పుడు అట్లాగే చేస్తుంది. ఎందుకని అడిగితే, "అవ్వ చేసేది" అంటుంది.

పెళ్ళిళ్ళలో కూడా ఈ మాట ఉండనే ఉంది. పెళ్ళికొడుకు చేతికీ పెళ్ళికూతురి చేతికీ కట్టిన కంకణాలు ఆఖరున ఒకరిది ఒకరు విప్పుతారు. ముడి గట్టిగా వేసి ఉంటారు, చుట్టూ నిలబడి ఎగతాళి చేస్తారు, కొత్తవాళ్ళ వేళ్ళు వణుకుతాయి. మా అవ్వ ఏ పెళ్ళిలోనైనా ముందుకు జరిగి, "గుంజొద్దు, ముడి యాడుందో చూసుకో, అదే ఇప్పుకుంటుంది" అని చెప్పేది.

నాలుగేళ్ళ కింద అవ్వకు పక్షవాతం తగిలింది. కుడిచేయి పడిపోయింది. ఆసుపత్రిలో మూడో రోజుకు మాట కొంచెం తిరిగొచ్చింది, కానీ తెలుగే వచ్చింది. పుట్టిననాటినుంచి వీధిలో మాట్లాడిన తమిళం నోటికి రాలేదు, చెవికీ ఎక్కలేదు. కొందరికి అట్లా అవుతుంది, ఇంటి భాష ఒక్కటే మిగులుతుంది అని డాక్టరు చెప్పారు. తమిళంలో ఏం చెప్పినా అవ్వ పరాయి ఊళ్ళో తప్పిపోయిన పిల్ల చూసినట్టు చూసేది.

పొద్దున్నే ఒంటికి తడిగుడ్డ పెట్టి చీర మార్చాలి. నర్సు చిన్నపిల్ల, ధర్మపురి పక్కనుంచి వచ్చింది, ఓర్పు గలది. "పాటీ, పుడవ మాత్తణుం, కళట్టలామా?" అని అడిగి అవ్వ చీర మీద చేయి వేసింది. అవ్వ ఎడమచేత్తో కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నర్సు మళ్ళీ చెప్పింది, నిదానంగా చెప్పింది, సైగ చేసి చెప్పింది. అవ్వకు ఎవరో తన చీర లాగుతున్నారన్నది ఒక్కటే తెలుస్తోంది. కళ్ళలో నీళ్ళు, గొంతులోంచి ఒక మూలుగు. మేము ముగ్గురం బయట తెర పక్కన నిలబడి ఉన్నాము. లోపలికి పోయి "అవ్వా, డ్రెస్ చేంజ్ చేయాలంట" అంది మాలో చిన్నది. అదీ అవ్వకు ఎక్కలేదు. "బట్టలు మార్చుకో అవ్వా" అన్నాము. గుప్పిలి ఇంకా బిగిసింది.

అప్పుడు పెద్దక్క వచ్చింది. విజయవాడ పెళ్ళిలో మూడు రోజులు నోరు విప్పని మా అక్కే. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు, బెంగుళూరులో ఉద్యోగం. ఆ పెళ్ళి తర్వాత ఆమె నోట ఆ మాట మేము వినలేదు. మంచం పక్కన కూర్చుని, అవ్వ గుప్పిలి మీద చేయి పెట్టి, ఆ ఆసుపత్రి గదిలో అందరి ముందూ అంది.

"ఇప్పవ్వా. నేనే గదా. గుడ్డలిప్పు, నీళ్ళు కాగినాయి."

అవ్వ అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత వేళ్ళు ఒక్కటొక్కటే వదిలాయి. కొంగు వదిలింది. తానే ఎడమచేత్తో కుచ్చెళ్ళు తడుముకుంది, అక్క సాయం పట్టింది. నర్సు మాట్లాడకుండా పక్కకు తిరిగి నీళ్ళగిన్నె సర్దుకుంది.

అవ్వ ఆసుపత్రిలో పదకొండు రోజులుంది, ఆ తర్వాత ఇంటికి వచ్చింది, ఇంకొక ఏడాది మాతోనే ఉంది. ఇంట్లో అందరమూ ఆ ఏడాదంతా ఆమెతో ఆమె మాటే మాట్లాడాము. మా పెద్దత్త సరిగా రాయమన్నది ఈ సంగతే. ఆసుపత్రి నాటి ఇంకొకటి కూడా రాయాలి.

మరుసటి రోజు మేము వెళ్ళేసరికి కొంచెం ఆలస్యమయింది. తెర ఇవతలనుంచి నర్సు గొంతు వినబడింది. ముందునాడు అక్క అన్నది ఆ పిల్ల చెవిలో పడింది కదా. తమిళంలో ఇప్ప అంటే ఇప్పుడు అని అర్థం. అక్క "ఇప్పుడే చేద్దాం అవ్వా" అని బతిమాలుకుందని ఆ పిల్ల అనుకుంది.

"ఇప్ప, అవ్వా, ఇప్ప" అంటోంది నర్సు, పసిబిడ్డను లాలించినట్టు.

తెర సందులోంచి చూస్తే అవ్వ ఎడమచేయి పైకెత్తి, రవిక తీసేదానికి వీలుగా పట్టుకుని ఉంది. మేము ఎవరమూ నర్సును సరిదిద్దలేదు.